వందన మన అమ్మాయి కాదా?

2021 ఆగస్టు 4న టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో మన మహిళల హాకీ జట్టు అర్జెంటీనా చేతిలో 1-2తో ఓడిపోయింది. ఆ సాయంత్రం హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో కొందరు టపాకాయలు కాల్చారు, గంతులేశారు. వాళ్లు సంబరం చేసుకున్నది ఆ జట్టులో ఆడుతున్న వందన కటారియా ఇంటి ముందు. కులం పేరు పెట్టి తమను తిట్టారని, జట్టులో దళితులు ఎక్కువైపోయారు కాబట్టే ఓడిపోయారని అన్నారని ఆమె ఇంటివాళ్లు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. అరెస్టులూ జరిగాయి.

అంతకు నాలుగు రోజుల ముందు, జులై 31న, దక్షిణాఫ్రికా మీద 4-3తో గెలిచిన మ్యాచ్‌లో మూడు గోల్స్ వందనవే. ఒలింపిక్స్ హాకీలో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ మ్యాచ్ పోయి ఉంటే క్వార్టర్ ఫైనలే లేదు, ఇక సెమీఫైనల్ మాట ఎక్కడిది? ఆ ఏడాది మే నెలలో ఆమె తండ్రి చనిపోయారు. బెంగళూరు శిక్షణ శిబిరంలో ఉన్న వందన కడచూపుకు కూడా వెళ్లలేకపోయింది. ఇంటి ముందు ఆ తిట్లు పడిన రెండు రోజులకే, ఆగస్టు 6న, కాంస్య పతకం కోసం బ్రిటన్‌తో ఆడారు. 0-2తో వెనకబడ్డాక గుర్జీత్ కౌర్ రెండు గోల్స్ కొట్టి సమం చేసింది. మూడో గోల్ కొట్టి జట్టును ముందుకు తెచ్చింది వందన. చివరికి 3-4తో ఓడాం, పతకం చేజారింది. అది వేరే సంగతి.

ఆ వారం చివర ఆగస్టు 8, ఆదివారం. ముందు రోజే నీరజ్ చోప్రా బల్లెం విసిరి బంగారు పతకం తెచ్చాడు. మేము ఎరిగిన తెలుగు సంఘాల్లో ఆ ఉదయం నీరజ్ కోసం కృతజ్ఞతా ప్రార్థనలు జరిగాయి. పురుషుల హాకీ జట్టు 41 ఏళ్ల తర్వాత పతకం తెచ్చినందుకు చప్పట్లు మోగాయి. వందన పేరు ఎవరి నోటా రాలేదు. రోజుకు పదిమందికి ‘వందనాలండి’ అని చెప్పుకునే మనకు ఆ ఒక్క పేరు నోరు తిరగలేదు!

ఇన్నేళ్ల తర్వాత ఈ సంగతి ఎందుకు తవ్వుతున్నారని కొందరు యౌవనస్థులు మమ్మల్ని అడుగుతున్నారు. ‘అన్నా, ఆటను ఆటలా చూడాలి. అందులోకి కులం తేకండి’ అంటున్నారు. తెచ్చింది ఎవరు? మేమా? టపాకాయలు కాల్చినవాళ్లా? కులం గురించి మాట్లాడకపోతే కులం ఉండదని అనుకోవడం, జ్వరం చూడకుండా థర్మామీటరు దాచిపెడితే ఒళ్లు చల్లబడుతుందని అనుకోవడం లాంటిదే.

ఇంకో మాట కూడా గమనించాలి. ‘జట్టులో దళితులు ఎక్కువైపోయారు’ అన్నది తిట్టే అయినా, అది సెలక్షన్ మీద అభిప్రాయం వేషంలో వచ్చింది. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని తప్పించాలి అని అభిమానులం రోజూ మాట్లాడుకునే మాటల వరుసలోనే అదీ వచ్చి కూర్చుంది. అందుకే అభిమానులమైన మనకే ఆ మాటను పట్టుకుని బయటపెట్టే బాధ్యత ఎక్కువ.

అభిమానికి అభిప్రాయం ఉండకూడదని మేము అనం. మాకూ ఉన్నాయి, చాలా ఉన్నాయి. టోక్యోలో జట్టును నాలుగో స్థానం దాకా నడిపిన కెప్టెన్ రాణి రాంపాల్‌ను మరుసటి ఏడాది ప్రపంచ కప్ జట్టులోకి తీసుకోలేదు. గాయం, ఫిట్‌నెస్ అన్నారు. ఆమె అనుభవానికి ఆ జట్టులో చోటు ఉండాల్సిందని మా అభిప్రాయం. ఆ ప్రపంచ కప్‌లో మనవాళ్లు తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకున్నారు. 2024 జనవరిలో రాంచీలో, సొంత మైదానంలో, సొంత జనం ముందు, ఒలింపిక్ క్వాలిఫయర్‌లో అమెరికా చేతిలో ఓడి, జర్మనీ చేతిలో షూటౌట్‌లో ఓడి, జపాన్ చేతిలో కూడా ఓడి పారిస్ అవకాశం పోగొట్టుకున్నారు. వందన గాయంతో ఆ పోటీలకు దూరమైంది. ఆమె ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? ఆ తర్వాత నెలలోనే కోచ్ యానెక్ షాప్‌మన్ తనకు ఇక్కడ విలువ, గౌరవం దక్కలేదని బాహాటంగా చెప్పి రాజీనామా చేసింది. ఒక విదేశీ మహిళా కోచ్‌కే ఆ మాట అనాల్సి వస్తే ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లల పరిస్థితి ఏమిటని అడిగిన అభిమానులు ఎంతమంది?

పారిస్‌లో బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్ గుర్తుందా? అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు చూపించారు. సుమారు 40 నిమిషాలు పదిమందితోనే ఆడి, 1-1తో నిలబడి, షూటౌట్‌లో శ్రీజేష్ పుణ్యమా అని గెలిచారు. రోహిదాస్ మీద ఒక మ్యాచ్ నిషేధం కూడా వేశారు. పెనాల్టీ కార్నర్‌కు ఎదురు పరుగెత్తే డిఫెండరు లేకుండా జర్మనీతో సెమీఫైనల్ ఆడి 2-3తో ఓడారు. ఆ కార్డు న్యాయమా, అన్యాయమా? అతడు కావాలని స్టిక్ ఎత్తలేదని మేము ఇప్పటికీ వాదిస్తాం. కాదనేవాళ్లు మన యువజన కూటమిలోనే ఉన్నారు. ఇద్దరం వీడియో పెట్టుకుని గంటసేపు కొట్లాడుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు, ఆటకు అదే అందం. అక్కడ మనం చూసేది స్టిక్ ఎటు కదిలిందో. రోష్నాబాద్‌లో వాళ్లు చూసింది ఆడిన పిల్ల ఏ ఇంట్లో పుట్టిందో.

ఇప్పుడు మరో క్రీడాకారిణి గురించి. జెమీమా రోడ్రిగ్స్ క్రికెటర్‌గానే అందరికీ తెలుసు. చిన్నతనంలో మహారాష్ట్ర తరఫున అండర్-17 హాకీ కూడా ఆడింది. 2024 అక్టోబరులో ముంబైలోని ఖార్ జింఖానా ఆమె గౌరవ సభ్యత్వాన్ని రద్దు చేసింది. ఆమె తండ్రి అక్కడ మత మార్పిడి కోసం సభలు పెట్టారన్నది ఆరోపణ. ఆయన దాన్ని ఖండించారు. ఏడాది తర్వాత, 2025 అక్టోబరు 30న, ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద 127 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. కన్నీళ్లతో యేసుకు కృతజ్ఞతలు చెప్పింది. ఆ ఒక్క మాటకు ఆమె మీద ఎంత విషం కక్కారో అందరం చూశాం.

అప్పుడు మన వాట్సాప్ గ్రూపులు ఊగిపోయాయి. సోలాపూర్ నుంచి యానాం దాకా, హోసూరు నుంచి బరంపురం దాకా తెలుగు విశ్వాసులు ఆ వీడియో పంచుకున్నారు. ప్రసంగాల్లో ఆమె సాక్ష్యం వినిపించింది. ఆమె కోసం ఉపవాస ప్రార్థనలు జరిగాయి. మంచిదే. జెమీమాకు అన్యాయం జరిగింది, ఆమె పక్షాన నిలవడం సరైన పని. మేమూ నిలబడ్డాం.

మా ప్రశ్న ఒక్కటే. ఆ గొంతులు 2021 ఆగస్టులో ఎక్కడికి పోయాయి? జెమీమా యేసు పేరు చెప్పింది కాబట్టి మన అమ్మాయి, వందన చెప్పలేదు కాబట్టి మన అమ్మాయి కాదు. లెక్క అదేనా? దెబ్బలు తిని దారి పక్కన పడి ఉన్నవాణ్ని చూసి తప్పుకుపోయిన యాజకుడు, లేవీయుడు కూడా బహుశా ఇదే లెక్క వేసుకుని ఉంటారు. ఆ ఉపమానం మీద సంవత్సరానికి రెండుసార్లు ప్రసంగిస్తాం. అందులో ఆ మనిషి మతం ఏమిటని సమరయుడు విచారించినట్టు మాకెక్కడా కనబడలేదు.

సుందర్‌గఢ్ ఆటగాళ్ల విషయంలోనూ మనవాళ్లది ఇదే తీరు. ఒడిశాలోని సుందర్‌గఢ్, దాన్ని ఆనుకుని జార్ఖండ్‌లోని సిమ్‌డేగా, ఆ పక్కన ఖుంటి జిల్లాలు. ఆదివాసి పల్లెల్లో వెదురు కర్రతో, వంగిన కొమ్మతో పిల్లలు హాకీ ఆడే నేల అది. మేకపోతును బహుమతిగా పెట్టి ఊళ్ల మధ్య పోటీలు నడుపుతారు. మిషన్ బడుల మైదానాల్లో ఆ ఆటకు వేళ్లు పడ్డాయి. మైకేల్ కిండో, సిల్వానస్ డుంగ్‌డుంగ్, లాజరస్ బార్లా, ఇగ్నేస్ తిర్కీ, దీప్ గ్రేస్ ఎక్కా. ఈ పేర్లు వినగానే మనవాళ్ల ముఖాలు వెలుగుతాయి, ‘బ్రదర్, మనవాళ్లే’ అంటారు. మన సంఘాల నుంచి జనం రూర్కెలాలో 2023 ప్రపంచ కప్ చూడటానికి వెళ్లారు. 20 వేలమంది కూర్చునే బిర్సా ముండా స్టేడియం ముందు సెల్ఫీలు దిగారు. ఆ ఊళ్లో ఉక్కు కర్మాగారం కోసం నేల వదులుకుని కదిలిపోయిన ఆదివాసి కుటుంబాల సంగతి ఎవరూ అడగలేదు. ఇప్పుడు జాతీయ జట్టు కెప్టెన్ అయిన సలీమా టేటే ఇంట్లో టోక్యో ఆటలప్పుడు టీవీ కూడా లేదని పత్రికలు రాస్తే మాత్రం ‘అయ్యో పాపం’ అన్నారు. అయ్యో పాపంతో ఆగిపోయారు.

ఆ నేల నుంచే వచ్చిన ఒక పెద్దాయన మనకు దారి చూపించి వెళ్లాడు. జైపాల్ సింగ్ ముండా. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్. ముండా ఆదివాసి, క్రైస్తవుడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. దేశానికి ఆడటం కోసం ఐసీఎస్ కొలువును వదులుకున్నవాడు. జట్టులో వచ్చిన వివాదం వల్ల ఫైనల్ ఆడకుండానే తప్పుకున్నాడు. అతడు లేకుండానే నెదర్లాండ్స్ మీద 3-0తో గెలిచి భారత్ హాకీలో మొదటి బంగారు పతకం తెచ్చుకుంది. మనవాళ్లు చెప్పుకునే కథ ఇక్కడితో ఆగిపోతుంది. అసలు కథ ఆ తర్వాతే. 1939లో అతడు ఆదివాసి మహాసభకు అధ్యక్షుడయ్యాడు. అప్పటిదాకా సంఘాలుగా, మిషన్లుగా చీలి ఉన్న క్రైస్తవ ఆదివాసులను, తమ పూర్వీకుల సర్నా ధర్మం పాటించే ఆదివాసులను ఒక్క జెండా కిందకు తెచ్చాడు. రాజ్యాంగ సభలో నిలబడి ఆదివాసులందరి తరఫునా మాట్లాడాడు. నా మతం వాళ్ల సంగతి మాత్రమే చూస్తానని అతడు అనుకుని ఉంటే ఆ సభలో అతడి మాటకు ఎంత బరువు ఉండేది? జార్ఖండ్ అనే రాష్ట్రం ఆలోచనకు ఎవరు ప్రాణం పోసేవాళ్లు?

ఇక అసలు విషయానికి వద్దాం. ఇది ఒక్క వందన సంగతి కాదు, మన పిల్లల సంగతి కూడా.

వందన కుటుంబం పోలీసు స్టేషను మెట్లెక్కినప్పుడు వాళ్ల చేతిలో ఒక చట్టం ఉంది. అందుకే కేసు పడింది. అదే తిట్టు, అదే టపాకాయలు, సోలాపూర్‌లోనో కోలారులోనో బరంపురంలోనో బాప్తిస్మం తీసుకున్న ఒక మాల, మాదిగ పిల్ల ఇంటి ముందు జరిగితే? 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ పిల్ల ఎస్సీ కాదు. ఆ ఉత్తర్వును 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. క్రైస్తవులను, ముస్లింలను బయటే ఉంచారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పుదుచ్చేరికి చెందిన ఒక యువతి కేసులో, బాప్తిస్మం పొంది సంఘానికి వెళ్తూ ఎస్సీ ధ్రువపత్రం అడగడం కుదరదని తేల్చింది. యానాం ప్రియులకు ఆ తీర్పు పక్కింటి వార్త. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తనను కులం పేరుతో దూషించి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన ఎస్సీ, ఎస్టీ చట్టం కేసును కొట్టేసింది. పదేళ్లుగా పాస్టరుగా ఉన్నవాడు క్రైస్తవుడు, ఎస్సీ కాదు, ధ్రువపత్రం చేతిలో ఉన్నా ఆ చట్టం రక్షణ అతడికి వర్తించదు అన్నది. తిట్టేవాడికి బాప్తిస్మం సర్టిఫికెట్ చూపిస్తే తిట్టడం మానేస్తాడా? కులం వాడి నోట్లో ఉంటుంది, చట్టంలో మాత్రం ఉండదు.

ఆదివాసులకు ఇప్పటికి ఆ బాధ లేదు. ఎస్టీ హోదాకు మతంతో పని లేదు. అందుకే కొన్నేళ్లుగా ‘డీలిస్టింగ్’ అంటూ, క్రైస్తవులైన ఆదివాసులను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని ఊరేగింపులు నడుపుతున్నారు. వాళ్ల కోరిక తీరితే రూర్కెలా గ్యాలరీలో చప్పట్లు అందుకునే పిల్ల, మైదానం దాటి ఇంటికి వెళ్లేసరికి మన పిల్లల వరుసలో నిలబడాల్సి వస్తుంది.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కావాలని మనం దశాబ్దాలుగా అడుగుతున్నాం. 2004 నుంచి సుప్రీంకోర్టులో వ్యాజ్యం నలుగుతోంది. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం కూడా చేసింది. ఈ పోరాటంలో మన పక్కన ఎవరు నిలబడాలని ఆశిస్తున్నాం? హిందువులుగా, బౌద్ధులుగా, సిక్కులుగా ఉన్న దళిత సోదరీ సోదరులే కదా! వందన ఇంటి ముందు టపాకాయలు కాలిన రాత్రి మనం నోరు మెదపకపోతే, ‘మీరు మాలో ఒకరే’ అని వాళ్లు ఎందుకు అనాలి?

దీనికి మాకు వినిపించే జవాబు ఒకటుంది. ‘వాళ్ల సంఘాలే మనకు ఎస్సీ హోదా వద్దంటున్నాయి. వాళ్ల వాటా తగ్గుతుందని భయపడుతున్నారు. మనమెందుకు వాళ్ల కోసం రోడ్డెక్కాలి?’ నిజమే, కొన్ని దళిత సంఘాలు మన కోరికను వ్యతిరేకిస్తున్నాయి. వాటా భయం కల్పితమేమీ కాదు, దాని గురించి కూర్చుని మాట్లాడుకోవాలి, కోటా పెంచమని కలిసి అడగాలి. కానీ తిట్లు తిన్న ఒక ఆటగత్తె పక్షాన మాట్లాడటానికి ముందు ఆమె కులసంఘం మన తీర్మానం మీద సంతకం పెట్టిందా లేదా అని చూసుకోవడం ఏ సువార్త నేర్పింది? ప్రభువు స్వస్థపరిచిన పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చి స్తుతించినవాడు ఒక్కడే. మిగతా తొమ్మండుగురి స్వస్థతను ఆయన వెనక్కి తీసుకోలేదు.

ఇంకో జవాబు పెద్దల దగ్గర వింటాం. ‘మన పని ఆత్మల రక్షణ, ఇవన్నీ లోక సంగతులు.’ అలాగే అనుకుందాం. మరి సంఘ కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు ఎవరు మాల, ఎవరు మాదిగ అని వేళ్లమీద లెక్కపెట్టేది ఏ లోకంలో? పెళ్లి సంబంధాల ప్రకటనలో ‘ఆత్మీయురాలైన వధువు కావలెను’ అని రాసి, పక్కనే కులం పేరు కూడా రాసేది ఏ రాజ్యంలో? రోష్నాబాద్ వాళ్లు మైదానంలో ఉన్న జట్టును కులం కళ్లతో లెక్కపెట్టారు. మన దగ్గర లెక్కపెట్టేది ప్రభువు బల్ల చుట్టూ. ఈ లెక్క మానకుండా ఆ లెక్క మీద ప్రసంగం చేస్తే వినేవాళ్లు నవ్వుతారు. మన యౌవనస్థులు నవ్వుతున్నారు కూడా, మనకు వినబడకుండా.

యౌవనస్థులతోనే ఒక మాట. మీలో చాలామంది క్రికెట్ తప్ప మరొకటి చూడరని తెలుసు. చెన్నైలో, బెంగళూరులో, భువనేశ్వర్‌లో ఉన్నవాళ్లకు మంచి హాకీ మైదానాలు బస్సు దూరంలో ఉన్నాయి. వెళ్లి చూడండి. అప్పటి చిత్తూరు జిల్లా ఎనుములవారిపల్లె నుంచి వెళ్లి జాతీయ జట్టు గోల్ కీపరైన ఎతిమరపు రజని మన భాష మాట్లాడే పిల్లే. జట్టు ఓడితే కోచ్‌ను తిట్టండి, సెలక్టర్లను నిలదీయండి, రెడ్ కార్డు మీద రాత్రంతా వాదించండి. పక్కన కూర్చున్నవాడు నవ్వుతూ ‘కోటా సరుకు కదా, ఇంతే’ అంటే మాత్రం అక్కడే, అప్పుడే అడ్డు చెప్పండి. వాడు మీ స్నేహితుడైనా సరే, మీ సండేస్కూల్ టీచరైనా సరే.

వందన 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ హాకీ నుంచి తప్పుకుంది. 320 మ్యాచ్‌లు, 158 గోల్స్. పద్మశ్రీ వచ్చింది, అర్జున వచ్చింది. మన సంఘాల నుంచి ఒక్క ఉత్తరం వెళ్లినట్టు మేము వినలేదు.

ఏటా ఆగస్టు 10న దళిత క్రైస్తవుల చీకటి దినంగా నల్లబ్యాడ్జీలు పెట్టుకుంటాం, కలెక్టరుకు వినతిపత్రం ఇచ్చి ఫోటో దిగుతాం. ఈసారి ఆరు రోజుల ముందే, ఆగస్టు 4న, మీ ఊళ్లోని అంబేడ్కర్ యువజన సంఘం గుమ్మం ఎక్కండి. బౌద్ధ విహారం ఉంటే అక్కడికీ వెళ్లండి. వందన ఇంటి ముందు ఏం జరిగిందో వాళ్లకు బాగా తెలుసు, మనం చెప్పక్కర్లేదు. ఆ మాట మీదే కలిసి కూర్చుంటామని, ఆ రోజు సభ మన ఆలయ ఆవరణలోనే పెట్టుకుందామని అడగండి. ఆ సభలో మొదటి మాట వాళ్లను మాట్లాడనివ్వండి. 10వ తేదీ వినతిపత్రం కాగితం కూడా తీసుకెళ్లి చూపించండి. సంతకం పెడతారో లేదో వాళ్ల ఇష్టం.